ఆరు టమాటా మొక్కలు పీకకండి: టెర్మినేటర్, జీఎంవో, హెయిర్‌లూమ్ మాటల వెనక అసలు తాళం ఎక్కడుందో చెప్తాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పోయినేడు చెర్రీ టమాటా ప్యాకెట్ కొని కుండీల్లో వేశారు, గుత్తులు గుత్తులుగా కాసింది, బాగా పండిన కాయల్లోంచి గింజలు తీసి దాచుకున్నారు. ఈ ఏడు అవే గింజలు వేస్తే ఆరు మొక్కలు ఆరు రకాలుగా కాశాయి, ఒకటి పుల్లగా, ఒకటి కోలగా, ఒకటి నిమ్మకాయంత లావుగా. గ్రూపులో ఫోటో పెడితే ఒకరు టెర్మినేటర్ సీడ్ అన్నారు, ఇంకొకరు ఫ్రాంకెన్‌సీడ్ అన్నారు, మరొకరు నాన్ జీఎంవో (అంటే జన్యుమార్పిడి చేయని) హెయిర్‌లూమ్ కిట్ కొనండని లింకు ఇచ్చారు, చివరికొకాయన కంపెనీ విత్తనం దాచుకుంటే కేసు పెడతారని కూడా రాశాడు. మీకు టెన్షన్ పట్టుకుని మొక్కలు పీకేయాలా అని అడుగుతున్నారు.

పీకకండి. ఆ మొక్కలకు ఏ రోగమూ లేదు, ఆ కాయలు తింటే మీకేమీ కాదు. మీ కుండీల్లో జరిగినదాన్ని ఎఫ్2 అంటారు. అంత మామూలు సంగతికి అంత భయంకరమైన పేర్లు ఎందుకు వచ్చాయో, ఆ పేర్ల గోలలో నిజంగా భయపడాల్సిన సంగతి ఎలా మరుగున పడిపోతోందో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఇది నేనెందుకు చెప్పగలనంటే, మాది గద్వాల దగ్గర ఊరు. నాన్న సీడ్ పత్తి, అంటే కంపెనీకి విత్తనం కోసం పండించే పత్తి వేసేవాడు. తర్వాత నేను ఒక కూరగాయల విత్తన కంపెనీలో పదకొండేళ్లు కర్ణాటకలో రాణెబెన్నూరు వైపు పొలాల్లో పని చూశాను, హైబ్రిడ్ టమాటా, మిరప, బెండ విత్తనం తీయించడమే నా ఉద్యోగం. అది మానేసి పన్నెండేళ్లయింది, ఇప్పుడు హైదరాబాదులో మా మేడమీద నూట ఇరవై కుండీలున్నాయి, విత్తనం మాత్రం బయట కొనడం చాలా తక్కువ.

ముందు ఎఫ్1 అంటే ఏమిటో కంటికి కనబడేలా చెప్తాను. టమాటా పువ్వులో ఆడభాగం, మగభాగం ఒకే పువ్వులో ఉంటాయి, దాన్ని దాని మానాన వదిలేస్తే తన పుప్పొడి తనకే పడుతుంది. హైబ్రిడ్ కావాలంటే దాన్ని ఆపాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, సన్నటి చిమటాతో లోపల ఉన్న పసుపు గొట్టాన్ని లాగేస్తారు, పుప్పొడి ఉండేది అందులోనే. మధ్యలో ఉన్న ఆకుపచ్చ పుల్ల విరిగితే ఆ పువ్వు దండగ. మర్నాడు పొద్దున ఇంకో రకం మొక్కల నుంచి తెచ్చిన పుప్పొడిని, వేలికి తొడుక్కున్న ఉంగరంలాంటి చిన్న గిన్నెలో పోసుకుని, ఆ పుల్ల కొసను అందులో ముంచుతారు. ముంచిన పువ్వుకు కింద ఉన్న ఆకుపచ్చ రేకుల్లో రెండు కత్తిరిస్తారు, అదే గుర్తు. కాయ పండాక రేకులు కత్తిరించిన కాయే కోస్తారు, తక్కినవి పారేస్తారు. ఇలా ఒక్కో మనిషి రోజుకు వందల పూలు చేయాలి, ఎక్కువమంది ఆడవాళ్లే, మధ్యాహ్నానికి మెడలు పట్టేసేవి. మీరు కొన్న ప్యాకెట్లో ఉన్న ఇరవై గింజల వెనక ఆ చేతులున్నాయి.

అలా పుట్టిన గింజ ఎఫ్1, అంటే మొదటి తరం. తల్లి ఒక రకం, తండ్రి ఒక రకం, రెండూ ఏళ్ల తరబడి ఒకేలా కాసేలా స్థిరపరిచిన లైన్లు కాబట్టి మొదటి తరం పిల్లలన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి. అందుకే పోయినేడు మీ మొక్కలన్నీ ఒక్కటే కాపు. ఆ కాయ గింజ వేస్తే వచ్చేది ఎఫ్2, రెండో తరం. అందులో తాత ముత్తాతల గుణాలన్నీ విడిపోయి, పేకముక్కలు కలిపి పంచినట్టు ఒక్కో మొక్కకు ఒక్కో రకంగా పడతాయి. మీకు ఆరు మొక్కల్లో ఆరు రకాలు రావడం అదే. వంద మొక్కలు వేసుంటే ఇంకెన్ని రకాలు చూసేవారో.

ఇప్పుడు టెర్మినేటర్ మాట. మీ గింజ మొలిచింది, కాసింది. టెర్మినేటర్ అయితే మొలవనే కూడదు. 1998 మార్చిలో అమెరికాలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే పత్తి విత్తన కంపెనీకీ, అక్కడి వ్యవసాయ శాఖకీ కలిపి ఒక పేటెంటు వచ్చింది, రైతు తీసిన గింజ రెండోసారి మొలవకుండా చేసే పద్ధతి మీద. దానికి టెర్మినేటర్ అని పేరు పెట్టింది రఫీ అనే కెనడా సంస్థ, ఆ కంపెనీ పెట్టుకున్న పేరు కాదది. ఆ ఒక్క పేరు ప్రపంచమంతా పాకింది. గొడవ ఎంత పెద్దదయిందంటే 1999లో అమెరికా విత్తన కంపెనీ మాన్‌శాంటో తాను దీన్ని మార్కెట్లోకి తేనని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది, 2000లో జీవవైవిధ్య ఒప్పందం దేశాలు దాన్ని ఆపి ఉంచాలన్నాయి, 2006లో బ్రెజిల్లోని కురిటిబాలో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పాయి. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం అలాంటి విత్తనాన్ని రిజిస్టరు చేయడానికే వీల్లేదంటుంది. ఆ విత్తనం ఇప్పటిదాకా ఏ దేశంలోనూ ఏ కొట్లోనూ అమ్మకానికి రాలేదు. ఆ పోరాటం చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం, ఆ పేరు పెట్టకపోతే జనం అంత కదిలేవారు కాదేమో. కానీ ఇవాళ ఆ పేరును కనబడ్డ ప్రతి హైబ్రిడ్ ప్యాకెట్ మీదా అంటించడం వల్ల, మీలాంటి వాళ్లు మంచి మొక్కల్ని పీకేసుకునే పరిస్థితి వస్తోంది.

ఫ్రాంకెన్‌సీడ్ కథా అలాంటిదే. 1992లో అమెరికాలో ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో జన్యుమార్పిడి తిండిని ఫ్రాంకెన్‌ఫుడ్ అన్నాడు, దాంట్లోంచి పుట్టుకొచ్చిన మాటలివన్నీ. ఆ తర్వాత మాన్‌శాంటోను సైతానుతో కలిపి మాన్‌శాటన్ అన్నారు, ఆ మాట మన గ్రూపుల్లో కూడా చూశాను. కోపం నాకర్థమవుతుంది. కానీ మన దేశంలో ఈ మాటలు ఏ విత్తనానికి వర్తిస్తాయో చూడండి. జన్యుమార్పిడి చేసిన పంటల్లో మన దగ్గర రైతులకు వాణిజ్యపరంగా అమ్ముతున్నది ఒక్క బీటీ పత్తే, 2002 నుంచి. కూరగాయల్లో బీటీ వంకాయ ఒక్కటే గుమ్మం దాకా వచ్చింది. 2009 అక్టోబరులో దానికి నిపుణుల కమిటీ ఒప్పుకుంది, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు ఊళ్లలో జనం మాట విన్నారు, అందులో హైదరాబాదు ఒకటి, చివరికి 2010 ఫిబ్రవరి 9న ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అది ఇప్పటికీ అలాగే ఆగి ఉంది. మన పక్కనున్న బంగ్లాదేశ్‌లో మాత్రం 2013లో ఒప్పుకున్నారు, అక్కడ పండిస్తున్నారు.

అంటే మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో కొనే టమాటా, బెండ, బీర, మిరప ప్యాకెట్లో చట్టప్రకారం జీఎంవో ఉండే అవకాశమే లేదు. అటువంటప్పుడు బెండ గింజల మీద నాన్ జీఎంవో అని పెద్దక్షరాలతో వేసి రెట్టింపు ధర తీసుకునేవాళ్లు మీకు అమ్ముతున్నది ఏమిటి? లేని ప్రమాదం నుంచి రక్షణ. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు పెట్టేది కొత్తగా మొదలుపెట్టిన వాళ్లే. అమెరికాలో పరిస్థితి వేరు, అక్కడ 2024లో జన్యుమార్పిడి చేసిన ఊదారంగు టమాటా గింజలు నేరుగా ఇంటి తోటల వాళ్లకే అమ్మడం మొదలుపెట్టారు, కాబట్టి అక్కడివాళ్లు ఆ మాట ప్యాకెట్ మీద చూసుకోవడంలో అర్థముంది. అక్కడి మాటను ఇక్కడికి మోసుకొచ్చి అమ్ముతున్నారు, అంతే.

ఇంకో అపోహ కూడా చెప్పేస్తాను, ఎందుకంటే వారానికొకరు అడుగుతారు. గింజలు గులాబీ రంగులోనో నీలి రంగులోనో ఉంటే అది జీఎంవో అనుకుంటారు. కాదు, అది థైరం లాంటి శిలీంధ్రపు మందు, దానికి రంగు కలుపుతారు, తినే గింజతో కలిసిపోకుండా గుర్తు పట్టడానికి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి, నీళ్లలో నానబెట్టిన ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. అంతవరకే.

ఇక హెయిర్‌లూమ్. ఈ మాటకు మన చట్టంలో నిర్వచనమేమీ లేదు. మామూలుగా దానర్థం తరతరాలుగా గింజ దాచుకుంటూ వచ్చిన, గాలికీ తేనెటీగలకీ సహజంగా పరాగసంపర్కం జరిగే పాత రకం. ఓపీ (ఓపెన్ పాలినేటెడ్) అని రాసేది కూడా అదే గుణాన్ని, తల్లిలాగే పిల్ల వస్తుందని. ప్రతి హెయిర్‌లూమూ ఓపీయే, ప్రతి ఓపీ హెయిర్‌లూమ్ కాదు. ఇప్పుడు ఆన్‌లైన్లో నలభై ఐదు రకాల హెయిర్‌లూమ్ కిట్ అని అమ్ముతున్నవాటిల్లో ఎక్కువ పేర్లు చూడండి, చెరొకీ పర్పుల్, బ్రాండీవైన్, ఇవి అమెరికా అవ్వలు దాచుకున్న రకాలు. మంచివే, రుచి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మన మార్చి ఎండకు ఆ పెద్ద కాయల రకాలు పూత రాల్చేస్తాయి, పిందె నిలవదు. నీలి స్ట్రాబెరీ, ఏడు రంగుల టమాటా అని ఫోటోలు పెట్టేవాళ్ల సంగతి సరేసరి, ఆ రంగు ఫోటోలోనే ఉంటుంది. మనకు నాటు అనే మాట ఉంది, నాటు చిక్కుడు, నాటు బీర, నాటు వంకాయ. అది వినగానే ఏ ఊరిది, ఎవరింటిది అని అడగబుద్ధవుతుంది చూడండి, ఆ ప్రశ్నే విత్తనానికి అసలైన లేబుల్.

సరే, ఈ మాటలన్నీ పక్కన పెట్టి మీ అసలు ప్రశ్నకు వద్దాం: విత్తనాలన్నీ నిజంగా కొన్ని కంపెనీల చేతిలోనే ఉన్నాయా? చాలావరకు అవును. కానీ మీరు విన్న పద్ధతిలో కాదు.

గద్వాల వైపు నేను చిన్నప్పుడు చూసింది చెప్తాను. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. ఆయన రెండు సంచులు తెచ్చిచ్చేవాడు, ఒకటి ఆడ లైను, ఒకటి మగ లైను, సంచి మీద పేరుండదు, ఒక నంబరు ఉంటుంది. నాన్న నేల దున్ని, రెండూ వేరువేరుగా వేసి, పూత మొదలయ్యాక రెండు నెలలకు పైగా ఇంట్లో అందరం చేలోనే. సాయంత్రం మొగ్గ గిల్లడం, గుర్తుకు ఎర్ర కాగితం పెట్టడం, పొద్దున ఎండెక్కకముందే మగ పువ్వు తెచ్చి రుద్దడం. నేనూ బడి ఎగ్గొట్టి చేశాను, మా ఊళ్లో పిల్లలందరూ చేసేవారు. అంతా అయ్యాక గింజ మొత్తం వెనక్కి ఇచ్చేయాలి, గుప్పెడు కూడా ఉంచుకోకూడదు. దాని నమూనా పరీక్షకు పోతుంది, మళ్లీ మొలిపించి చూసి ఎన్ని మొక్కలు సరిగ్గా ఉన్నాయో లెక్కేస్తారు, అది ఫెయిలైందంటే లాటంతా తిప్పి పంపేస్తారు. ఒక ఏడు మాది అలా ఫెయిలైంది. నాన్న అడిగిన ఒకే ఒక్క మాట నాకింకా గుర్తుంది, అసలిది ఏ రకం, దీని తల్లేది, తండ్రేది అని. ఆర్గనైజరుకూ తెలీదు. మా చేలో మా చేతుల్లో పుట్టిన విత్తనానికి అమ్మానాన్నలెవరో మాకు చెప్పేవాళ్లు లేరు.

తాళం అక్కడ ఉంది. హైబ్రిడ్ విత్తనానికి పేటెంటు అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు, టెర్మినేటర్ జన్యువూ అక్కర్లేదు. తల్లి లైనూ తండ్రి లైనూ ఎవరి గోడౌన్లో ఉంటే విత్తనం వాళ్లది, ఎందుకంటే ప్రతి ఏడూ మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. మీ ఆరు టమాటా మొక్కలు మీకు చూపించింది అదే.

మరి ఆ లైన్లు ఎవరి దగ్గర పోగుపడ్డాయి? మనకు 1973లో బెంగళూరు నుంచి ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ వాళ్లు కర్ణాటక అనే టమాటా హైబ్రిడ్ తెచ్చారు, అప్పటికి అది దేశీ కంపెనీల పనే. 1988లో కొత్త విత్తన విధానం వచ్చి కూరగాయల విత్తనాల దిగుమతికి తలుపులు తెరిచింది, అక్కడి నుంచి బయటి కంపెనీలు వరసగా వచ్చాయి. ఈలోగా బయట ఒకదాన్నొకటి మింగడం మొదలైంది. మెక్సికో వ్యాపారి అల్ఫోన్సో రోమో 1990లలో ఆస్‌గ్రో, పెటోసీడ్ లాంటి పాత కంపెనీల్ని కొని సెమినిస్ అనే కూరగాయల విత్తన కంపెనీ కట్టాడు. 2005లో ఆ సెమినిస్‌ను మాన్‌శాంటో దాదాపు 140 కోట్ల డాలర్లకు కొంది, 2008లో డచ్ కంపెనీ డి రూటర్‌ను కొంది. 2018లో మాన్‌శాంటోనే జర్మనీ కంపెనీ బేయర్ కొనేసింది. ఒకే చేతికి మరీ ఎక్కువైపోతుందని నియంత్రణ సంస్థలు అడ్డుపడితే బేయర్ తన పాత కూరగాయల విత్తన వ్యాపారం నన్‌హెమ్స్‌ను బీఏఎస్ఎఫ్‌కు అమ్మింది, అది కూడా జర్మనీ రసాయనాల కంపెనీయే. 2017లో స్విట్జర్లాండ్ విత్తన కంపెనీ సింజెంటాను చైనా ప్రభుత్వ కంపెనీ కెమ్‌చైనా కొంది.

ఇది మనకు ఎంత దగ్గరి సంగతో చూడండి. మదనపల్లె వైపు టమాటా రైతును ఏం వేశావన్నా అంటే సాహో అంటాడు, లక్ష్మి అంటాడు, అభిలాష్ అంటాడు. ఎంత మన ఇంటి పేర్లలా ఉన్నాయి! సాహో సింజెంటాది, లక్ష్మి నన్‌హెమ్స్‌ది అంటే ఇప్పుడు బీఏఎస్ఎఫ్‌ది, అభిలాష్ సెమినిస్‌ది అంటే ఇప్పుడు బేయర్‌ది. మూడు మన పేర్లు, మూడు బయటి ఖజానాలు. ఆ రకాలు చెడ్డవని నేననను, రోగాన్ని తట్టుకుంటాయి, లారీలో చితక్కుండా చెన్నై దాకా పోతాయి, రైతు వాటిని తెలివితక్కువగా ఎంచుకోవడం లేదు. కానీ రేపు ఆ కంపెనీ ఇది మాకు లాభం లేదని ఆపేస్తే, ఆ రకం ఇక ఎక్కడా ఉండదు.

ఇది ఊహ కాదు. 2000లో సెమినిస్ ఖర్చు తగ్గించుకోవడానికి తన రకాల్లో నాలుగో వంతు, దాదాపు 2,000 రకాల్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అందులో జన్యుమార్పిడి లేదు, ఎవరూ కేసు వేయలేదు, విషం లేదు. ఒక ఆఫీసులో ఒక జాబితా మీద గీత పెట్టారు. నాకు ఫ్రాంకెన్ అనే మాటల కంటే ఆ గీతే భయమేస్తుంది, దాని మీద హ్యాష్‌ట్యాగు మాత్రం ఎవరూ పెట్టరు.

మాన్‌శాంటో చేతిలో ఉన్న తోట విత్తన కంపెనీలు అని ఒక జాబితా ఏళ్లుగా ఫార్వర్డ్ అవుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో బర్పీ లాంటి పేర్లుంటాయి. అవి చాలావరకు మాన్‌శాంటో సొంత కంపెనీలు కావు, సెమినిస్ నుంచి కొన్ని రకాలు కొని తమ ప్యాకెట్లో పోసి అమ్మే దుకాణాలు. ఎవరి సొంతం, ఎవరు అమ్ముతున్నారు అనే రెండూ వేరు, ఆ జాబితా రెంటినీ కలిపేసింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఫెడ్కో అనే సహకార విత్తన సంస్థ మాత్రం ఈ తేడా సరిగ్గా అర్థం చేసుకుంది. సెమినిస్ చేతులు మారాక, తన కేటలాగులో బాగా అమ్ముడుపోయే సెమినిస్ రకాలున్నా వాటిని తీసేసింది, వాటి బదులు ఏం వేసుకోవాలో తోటమాలులకు చెప్పింది. తిట్టిపోయడం కంటే అది కష్టమైన పని.

కేసు సంగతి. భయపెట్టే కథలన్నిటికీ మూలం అమెరికా. అక్కడ ఇండియానా రైతు బౌమన్ పేటెంటు ఉన్న సోయా గింజను తిరిగి నాటినందుకు 2013లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు, అది నిజం. మన దగ్గర మొక్కకూ విత్తనానికీ పేటెంటు ఇవ్వడానికి పేటెంట్ల చట్టం 3(జె) ఒప్పుకోదు. పైగా ఇందాక చెప్పిన 2001 చట్టంలో 39వ సెక్షను రైతుకు విత్తనం దాచుకోవడానికి, మళ్లీ వేసుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా హక్కిచ్చింది, రిజిస్టరైన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మకూడదన్నదొక్కటే షరతు. 2019లో పెప్సికో తన ఎఫ్ఎల్ 2027 బంగాళాదుంప వేశారని గుజరాత్ రైతుల మీద ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా అడుగుతూ కేసు వేసింది, దేశమంతా ఈ సెక్షను చూపించి అరిచేసరికి మే నెలలో వెనక్కి తీసుకుంది. కాబట్టి మేడమీద కుండీలో టమాటా గింజ దాచుకున్నందుకు మీ ఇంటికి ఎవరూ రారు. పక్కింటివాళ్లకు ఇవ్వండి, పెళ్లికి వెళ్తే పొట్లం కట్టి ఇవ్వండి, ఏమీ కాదు.

హైబ్రిడ్ అంటే కార్పొరేట్, ఓపీ అంటే మంచిది అని కూడా గీత గీయకండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ టమాటా ఎఫ్1 హైబ్రిడ్డే, ప్రభుత్వ సంస్థది, మూడు రోగాల్ని తట్టుకుంటుంది. అదే సంస్థ ఇచ్చిన అర్క వికాస్ టమాటా, అర్క అనామిక బెండ ఓపీలు, ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా రూబీ కూడా ఓపీ. మన గుంటూరు లాం పరిశోధన ఫారం మిరప రకాలున్నాయి, తమిళనాడు పెరియకుళం వాళ్ల పీకేఎం1 మునగ ఉంది. ఇవన్నీ మన పన్నులతో తయారైన రకాలు, ఎఫ్1 అయిన అర్క రక్షక్ తప్ప మిగతావి గింజ దాచుకుంటే దాదాపు అలాగే వస్తాయి, ఐఐహెచ్ఆర్ అయితే ఆన్‌లైన్లో పోస్టులో కూడా పంపుతుంది. వాటి గురించి గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే వాటికి ఆకర్షణీయమైన పేరు లేదు, రంగుల ఫోటో లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది అవే.

ప్యాకెట్ కొన్నప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో ఉందా, రకం పేరుందా, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం ఉన్నాయా? కనీసం ఉండాల్సిన మొలక టమాటా, వంకాయలకు 70 శాతం, బెండకు 65, మిరపకు 60. నర్సరీల్లో అమ్మే చిన్న జిప్ కవర్లలో ఇవేవీ ఉండవు, పెద్ద పౌచ్ చింపి పంచి పోసి హైబ్రిడ్ టమాటా అని స్టిక్కరు వేస్తారు, అక్కడే రకం పేరు చచ్చిపోతుంది. పేరు తెలీని విత్తనం కొనకండి, తెలిసినవాళ్ల చేతినుంచి ఊరికే తీసుకున్నా ఏ ఊరిదో రాసి పెట్టుకోండి.

దాచుకోవడం మొదలుపెట్టేవాళ్లు చిక్కుడు, టమాటాలతో మొదలుపెట్టండి, అవి పక్క రకంతో పెద్దగా కలవవు. మిరప, వంకాయ కొంచెం కలుస్తాయి, కాయ కావాలనుకున్న పువ్వుకు మొగ్గగా ఉన్నప్పుడే పల్చటి గుడ్డసంచి కట్టి, పిందె కట్టాక తీసి, దారం కట్టి గుర్తు పెట్టండి. బీర, సొర, గుమ్మడి మాత్రం చుట్టుపక్కల మేడల నుంచి తేనెటీగల్లాంటి పురుగులు తెచ్చే పుప్పొడితో కలిసిపోతాయి, వాటికి చేత్తోనే రుద్దాలి. వంకాయ గింజ కావాలంటే కాయ పసుపు తిరిగి మెత్తబడేదాకా చెట్టుకే వదిలేయాలి, కూరకు కోసే కాయలో గింజ పక్వానికి రాదు. మా అవ్వ సొర గింజల్ని పేడముద్దలో అద్ది గోడకు కొట్టేది, బీరకాయను తొడిమతో సహా దూలానికి వేలాడదీసేది, కందుల్లో బూడిద కలిపి కుండలో పోసి మూతి మెత్తేది. పురుగు పట్టకుండా, తేమ తగలకుండా చేసిన ఏర్పాటది. నేను ఇప్పుడు గాజు సీసాలో బూడిద పొట్లం వేసి పెడుతున్నాను, పద్ధతి అదే. జహీరాబాద్ వైపు పస్తాపూర్ చుట్టుపక్కల డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల ఆడవాళ్లు ఇంకా అలాగే చేస్తున్నారు, సంక్రాంతి తర్వాత పాత పంటల జాతరకు ఎడ్లబండ్ల మీద ఆ గింజలు ఊరూరా తిప్పుతారు, వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఎవరూ హెయిర్‌లూమ్ అనరు, ఇది ఫలానా ఆమె ఇంటి జొన్న అంటారు.

ఇక మీ ఆరు మొక్కలు. ప్రతిదాని కాయా కోసి రుచి చూడండి, ఇంట్లో పిల్లలకూ పెట్టండి, ఏది బాగుందో, ఏది ఎండకు నిలబడిందో, ఏదానికి ఆకుముడత రాలేదో ఒక కాగితం మీద రాయండి. వాటిల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. దాని రెండో మూడో గుత్తిలో బాగా మాగిన కాయలు నాలుగు కోసి, గుజ్జు గ్లాసులో పిండి రెండు మూడు రోజులు నీడన ఉంచండి, పైన బూజు తెట్టు కట్టి గింజలు కిందకి దిగుతాయి. కడిగి, పింగాణీ పళ్లెంలో ఆరబెట్టండి, కాగితం మీద వద్దు, అతుక్కుపోతాయి. వచ్చే ఏడు అందులోంచి పది పన్నెండు మొక్కలైనా పెంచి మళ్లీ మీకు నచ్చినదాని గింజే తీయండి. ఏడాదికేడాది తేడాలు తగ్గుతూ వస్తాయి, ఆరేడు తరాలకు దాదాపు ఒకేలా కాసే రకం మీ చేతిలో ఉంటుంది. ఏడాదికి రెండు పంటలు తీస్తే మూడు నాలుగేళ్ల పని. దాని తల్లీ తండ్రీ ఎవరో మీకు తెలీదు, పర్లేదు, అక్కడి నుంచి ముందుకు లెక్క మీ నోటుబుక్కులోనే ఉంటుంది.

ఆ నిమ్మకాయంత కాయ కాసిన మొక్క ఫోటో మళ్లీ ఒకటి దగ్గర్నుంచి తీసి పెట్టండి, ఆకులు కనబడేలా. మిగతావాటికంటే దాని ఆకు పచ్చగా, ముడత లేకుండా ఉన్నట్టు నాకనిపించింది. నిజమైతే ముందు దాని గింజే తీయండి, నాక్కూడా పది గింజలు పంపండి, ఈ ఎండాకాలం మా మేడమీద ఎలా నిలుస్తుందో చూసి చెప్తాను.